నాలుగు రూపాయల పాతిక పైసల వడ్డీకి కర్రీ పాయింట్

ఎడిటర్ గారికి నమస్కారం.

రెండు వారాల కిందట ఆదివారం మీ పేపర్లో ఒక కుర్రాడి కథ అరపేజీ వేశారు. ఉద్యోగం మానేశాడు, బ్యాంకు లోను ఇవ్వకపోతే క్రెడిట్ కార్డుల మీద నగదు తీశాడు, ఆ డబ్బుతో వ్యాపారం పెట్టి ఇవాళ నలుగురికీ పని ఇస్తున్నాడు అని. చదివి సంతోషించాను, కడుపుమంట ఏమీ లేదు. కాకపోతే ఆ అరపేజీలో వెనకా ముందూ రెండుసార్లు వెతికినా ఆ కార్డు డబ్బుకు వడ్డీ ఎంతో ఎక్కడా కనపడలేదు. ఆయన వేసుకున్న చొక్కా రంగు రాశారు, మొదటి రోజు గల్లాపెట్టెలో పడ్డ డబ్బెంతో రాశారు, వడ్డీ మాత్రం రాయలేదు. అందుకే ఈ ఉత్తరం. నేనూ సరిగ్గా ఆ పనే చేశాను కాబట్టి ఆ లెక్క నేను చెప్తాను.

నాది గుంటూరు. పందొమ్మిదేళ్ళు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేశాను. చిట్టా, ఆవర్జా, అంటే రోజు పద్దు, ఖాతా పుస్తకం రాయడం, రైతుకు పట్టీ, అంటే అమ్మకం బిల్లు కట్టి ఇవ్వడం, ఎవరి ఖాతాలో ఎంత అడ్వాన్సు ఉంది, దానికి ఎన్ని నెలల వడ్డీ అయింది లెక్కగట్టడం, ఇదే నా పని. అంటే వడ్డీ అంటే ఏంటో తెలియని మనిషిని కాదు. ఇతరుల వడ్డీని నోటి లెక్కతో చెప్పేవాణ్ణి. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, చదువు రానివాళ్ళే ఇలాంటివాటిలో పడతారని చాలామందికి ఒక నమ్మకం ఉంది, అది తప్పు.

2024లో ఉద్యోగం మానేసి బ్రాడీపేటలో కర్రీ పాయింట్ పెడదామనుకున్నాను. చుట్టూ హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు, ఒంటరిగా ఉండే ఉద్యోగులు. అన్నం కుక్కర్లో వండుకుని కూర బయట కొనుక్కునే జనం. ఆలోచన మంచిదే, ఇప్పటికీ మంచిదే అంటాను. చేతిలో ఉన్నది లక్షా ముప్పై వేలు. ఇంకో లక్షా ఇరవై కావాలి. జీతం బ్యాంకులో పడేది కాబట్టి నా దగ్గర రెండు కార్డులున్నాయి. ఒకదాని మీద క్యాష్ లిమిట్ ఎనభై వేలు, రెండోదాని మీద నలభై. మూడు రోజుల్లో ఏటీఎంలోంచి మొత్తం తీసేశాను. ఎవడినీ అడగక్కర్లేదు, సంతకం లేదు, హామీ లేదు, ఎందుకురా నీకు డబ్బు అని అడిగే పెద్దమనిషి లేడు. ఆ సుఖం ఉంది చూశారూ, అదే ఈ మొత్తం కథకు మూలం.

కార్డుతో సరుకు కొంటే నలభై అయిదు రోజులో యాభై రోజులో వడ్డీ లేకుండా గడువు ఉంటుంది, అది అందరికీ తెలుసు. కార్డుతో నగదు తీస్తే ఆ గడువు ఒక్క రోజు కూడా ఉండదు, ఏటీఎంలోంచి నోట్లు బయటికి వచ్చిన రోజునుంచే వడ్డీ మొదలు, ఇది చాలామందికి తెలియదు. నాకూ సగమే తెలుసు. తీసినందుకు ముందు రెండున్నర శాతం ఫీజు, మూడు వేలు. ఆ ఫీజు మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ, 540. అంటే డబ్బు ఇంకా జేబులో ఉండగానే 3,540 పోయింది. తర్వాత నెలకు 3.6 శాతం వడ్డీ. లక్షా ఇరవై వేలకు 4,320. ఆ వడ్డీ మీద మళ్ళీ జీఎస్టీ, 778. నెలకు దాదాపు 5,100.

ఇప్పుడు దీన్ని మన భాషలోకి మార్చి చూడండి. మన ఊళ్ళలో వడ్డీని శాతాల్లో ఎవరూ చెప్పరు, నూటికి నెలకు ఎన్ని రూపాయలు అని చెప్తారు. రూపాయి వడ్డీ అంటే ధర్మవడ్డీ, రెండు రూపాయలంటే అవసరం ఉన్నవాడు తీసుకునేది, మూడు రూపాయలంటే వీడికి ఏదో కష్టం వచ్చిందని పక్కింటివాళ్ళు గుసగుసలాడుకునేది. జీఎస్టీతో కలిపి నా కార్డు వడ్డీ నాలుగు రూపాయల పాతిక పైసలు. మా బాబాయి దగ్గరికి వెళ్ళి నాలుగుంపావలా వడ్డీకి లక్ష తెచ్చి కొట్టు పెడుతున్నాను అని ఉంటే, "ఒరేయ్, నీకేమన్నా మతిపోయిందా" అని గుమ్మంలోనే నిలబెట్టి తిట్టేవాడు. నాకు నేను చెప్పుకుని ఉన్నా సిగ్గుపడేవాణ్ణి. కానీ కార్డు బిల్లులో అది 3.60 అని చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంటుంది, అది వడ్డీలా కనిపించదు, ఏదో సర్వీసు చార్జీలా కనిపిస్తుంది. పందొమ్మిదేళ్ళు వడ్డీలు రాసిన చేతికే అలా కనిపించింది.

ఆ లక్షా ఇరవై ఎక్కడ పెట్టానో కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు తెలివితక్కువతనం అక్కడే ఉంది. కొట్టు అద్దె నెలకు పన్నెండు వేలు, మూడు నెలల అడ్వాన్సు ముప్పై ఆరు వేలు. చూడండి, కార్డు మీద అడ్వాన్సు తీసి తీసుకెళ్ళి ఓనరుకు అడ్వాన్సు ఇచ్చాను. ఆయన దగ్గర ఆ డబ్బు వడ్డీ లేకుండా పడుంటుంది, నేను దానికి నెలకు పదిహేను వందలు వడ్డీ కడతాను. అంటే నా అద్దె పన్నెండు వేలు కాదు, పదమూడున్నర వేలు. ఈ ముక్క నాకు ఆరు నెలల తర్వాత తట్టింది. ఇంకా లైట్ల బోర్డుకు పద్దెనిమిది వేలు. రెండు తలుపుల ఫ్రిజ్, స్టీలు కౌంటరు, పొయ్యిలు. కొట్టు ఎదురుగా పునుగుల బండి పెట్టుకునే ఆవిడ ఒకామె ఉంది, ఆవిడ గురించి మళ్ళీ చెప్తాను, మొదటి రోజే వచ్చి చూసి, "సాయంత్రానికి అమ్ముడుపోయే కూరకి అంత ఫ్రిజ్ ఎందుకన్నయ్యా" అంది. నవ్వేశాను.

శ్రావణ శుక్రవారం, ఆగస్టు 16న కొట్టు తెరిచాను. సరిగ్గా పదిహేను రోజులకు, ఆగస్టు 31న వాన మొదలైంది. ఆ వాన మీకు గుర్తుండే ఉంటుంది, బుడమేరు పొంగి విజయవాడ సగం మునిగిన వాన. గుంటూరు మునగలేదు గానీ రోడ్డు మీద జనం లేరు, హాస్టల్ పిల్లలు ఊళ్ళకెళ్ళిపోయారు. వారం రోజులు వండింది సగం పారబోశాను. తేరుకునేసరికి దసరా సెలవులు. దసరా అయ్యి దీపావళి దాటగానే కార్తీక మాసం. కర్రీ పాయింట్ పెట్టేవాడికి కార్తీకం గుర్తులేకపోవడం ఏంటని మీరు అడగొచ్చు, గుర్తుంది, ఇంత పడుతుందని అనుకోలేదు. చికెన్ కూర మీదే కదా నాలుగు డబ్బులు మిగిలేది, పప్పు మీద ఏం మిగుల్తుంది. సంక్రాంతికి మళ్ళీ పిల్లలు లేరు. ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ అన్నారు, చికెన్ వైపు చూసే దిక్కు లేదు. ఇవేవీ వింతలు కావు. తిండి వ్యాపారంలో ప్రతి ఏడాదీ ఏదో ఒకటి ఉంటుంది. కొత్త కొట్టు నిలదొక్కుకోవడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుందని వ్యాపారం చేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. మరి ఆ ఆరు నెలలూ ఆగని డబ్బుతో కొట్టు ఎలా పెట్టాను అన్నదే ప్రశ్న.

కార్డుకు నెలకు ఆరు వేలు చొప్పున కడుతూ వచ్చాను, ఒక్క నెల కూడా తప్పలేదు, ఆ గొప్ప నాకుంది. ఆరు నెలలకు 36 వేలు కట్టాను. అసలు ఎంత తగ్గిందో చూస్తే ఆరు వేలు. నమ్మకపోతే కాగితం మీద వేసి చూడండి, మొదటి నెల ఆరు వేలలో 5,100 వడ్డీకే పోతుంది, తొమ్మిది వందలు అసలుకు పడుతుంది, రెండో నెల 940, అలా. మినిమమ్ డ్యూ, అంటే ఆ నెలకు కనీసం కట్టాల్సిన మొత్తం మాత్రమే కడుతూ పోతే బాకీ తీరడానికి నెలలు, ఏళ్ళు పడుతుందని బిల్లు మీద హెచ్చరిక ఉండాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, ఉంటుంది కూడా, నా బిల్లు మీదా ఉంది, కింద ఎక్కడో.

ఇంకో దెబ్బ ఉంది, ఇది తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. అదే కార్డు మీద నూనె డబ్బాలు, బియ్యం కొనేవాణ్ణి, ఎలాగూ నలభై అయిదు రోజులు వడ్డీ ఉండదు కదా అని. కార్డు మీద పాత బాకీ మొత్తం కట్టకుండా కొంత మిగిల్చి ముందుకు జరిపామంటే, కొత్తగా కొన్నవాటికి కూడా ఆ గడువు పోతుంది. నూనె డబ్బాకు కొన్న రోజునుంచే వడ్డీ. అంటే నేను వేసిన బెండకాయ వేపుడులో నూనె కూడా నాలుగుంపావలా వడ్డీదే.

డిసెంబరు మొదట్లో క్యూఆర్ కోడ్ స్పీకర్ ఇచ్చిన కంపెనీ నుంచి ఫోన్లో మెసేజ్. మీ షాపుకు ఎనభై వేలు రెడీగా ఉంది, ఒక్క క్లిక్ చాలు అని. తర్వాత అమ్మాయి ఫోన్ చేసి, "సార్, మీరు ఈఎంఐ కట్టక్కర్లేదు సార్, రోజూ మీకు పడే డబ్బులోంచి కొంచెం కొంచెం మేమే తీసుకుంటాం, మీకు తెలియను కూడా తెలియదు" అంది. అదే నిజం, తెలియలేదు. వడ్డీ ఎంతమ్మా అంటే రెండే సార్ అంది. రెండు రూపాయలంటే కార్డులో సగం కదా అని నొక్కేశాను. ఫీజూ జీఎస్టీ పోను చేతికొచ్చింది 77,640. రోజుకు 498 చొప్పున 180 రోజులు. గుణించండి, 89,640. ఆ రెండు రూపాయల్లో మతలబు ఏంటంటే, రోజూ అసలు తగ్గుతూనే ఉంటుంది కానీ వడ్డీ మాత్రం ఆరు నెలలూ పూర్తి ఎనభై వేల మీదే వేశారు. నిజంగా నా దగ్గర ఉన్న డబ్బు మీద లెక్కేస్తే అది అయిదు రూపాయలకు దగ్గర. కార్డు కంటే ఎక్కువ! దీన్ని మేం యార్డులో చేసుంటే రైతు కొట్టు ముందే కూర్చుని నానా గొడవా చేసేవాడు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పులిచ్చేవాళ్ళు అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒకే కాగితం మీద రాసివ్వాలి, అదీ అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి అని రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. నాకూ ఆ కాగితం వచ్చింది. ఫోన్లో, ఇంగ్లీషులో, పధ్నాలుగు పేజీల మధ్యలో. నేను చదవలేదు. మసాలా మాడుతోంది, ఐ అగ్రీ నొక్కి పొయ్యి దగ్గరికి పరుగెత్తాను. తెలుగులో ఇవ్వమని అడిగే హక్కు నాకు ఉందని అప్పుడు తెలియదు. మీరైనా అడగండి. క్రెడిట్ కార్డు బాకీలకు మాత్రం ఈ కాగితం నిబంధన వర్తించదు, అదొక వింత.

జనవరిలో కార్డు బిల్లు తేదీకి చేతిలో డబ్బు లేక మూడో అప్పు. వందరోజుల ఫైనాన్స్. ఇది కొత్తది కాదు, మన ఊళ్ళలో ప్రతి బజారులో ఉన్నదే. ముప్పై వేలు రాసుకుని ఇరవై ఏడు చేతిలో పెడతారు, రోజుకు మూడు వందలు చొప్పున వంద రోజులు. సాయంత్రం ఏడింటికి బండి మీద కుర్రాడు వస్తాడు, తన వసూలు కార్డులో ఆ రోజు గడి కొట్టుకుని పోతాడు. మంచి కుర్రాడే, ఒక్కోసారి ప్లేటు పప్పుచారు తినేసి "అన్నా, ఈ రోజు తక్కువున్నట్టుందే" అని జాలిపడేవాడు, కానీ మూడు వందలు మాత్రం తీసుకునే వెళ్ళేవాడు. దాని వడ్డీ లెక్కేస్తే ఏడాదికి 75 శాతం దాటుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. ఫిబ్రవరిలో ఒక రాత్రి కొట్టు మూశాక పాత అలవాటు కొద్దీ చిట్టా పుస్తకం ముందేసుకుని రాశాను. రోజు అమ్మకం సగటున 4,500. సరుకులు 2,300. వంట మనిషికీ, సాయం చేసే ఆవిడకీ వెయ్యి. గ్యాస్ 350. అద్దె 400. కరెంటు, కవర్లు 200. మొత్తం 4,250. మిగిలేది 250. నా జీతం అందులో లేదు, సరే, కొత్త కొట్టుకు అది మామూలే. అంటే అన్ని వానలూ కార్తీకాలూ బర్డ్ ఫ్లూలూ కలుపుకుని కూడా నా కొట్టు నష్టంలో లేదండీ! రోజుకు 250 మిగుల్తోంది. ఇక అప్పులు: కార్డుకు రోజుకు 200 పడుతుంది, క్యూఆర్ వాడికి 498, ఫైనాన్సు కుర్రాడికి 300. దాదాపు వెయ్యి. రోజుకు 750 లోటు. ఎక్కడినుంచి? మా ఆవిడ బ్లౌజులు కుట్టిన డబ్బు, తర్వాత లక్ష రూపాయల చీటీని ఇరవై ఆరు వేలు పోగొట్టుకుని పాడుకున్నాను, ఆ చీటీ కట్టడం ఇంకా నడుస్తోంది. బయటివాళ్ళు చూసి "పాపం కర్రీ పాయింట్ నడవలేదట" అనుకున్నారు. నడిచింది. కింద ఉన్న డబ్బే నడవనివ్వలేదు.

ఆ రోజుల్లోనే మీ పేపర్లోనో ఇంకో పేపర్లోనో ఒక వార్త చదివాను. క్రెడిట్ కార్డు బాకీ మీద ఏడాదికి 30 శాతానికి మించి వడ్డీ వేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. అంటే ఎంత వేయాలో బ్యాంకుల ఇష్టం, రిజర్వ్ బ్యాంకు చూసుకుంటుంది అని. వార్త కింద ఎవరో వేరుశనగలు తిన్న జిడ్డు, పొట్లం కాగితంలో వచ్చింది నా దగ్గరికి. 2015 డిసెంబరులో విజయవాడలో ఘోరమైన వడ్డీలకు అప్పులిచ్చి వేధించిన కాల్ మనీ గొడవ బయటపడ్డప్పుడు ఎంత మండిపడ్డాం మనం, నేనూ టీ కొట్టు దగ్గర నిలబడి ఉపన్యాసాలిచ్చాను. అక్కడ జరిగిన దౌర్జన్యాలు వేరు, దానికీ దీనికీ పోలిక పెట్టను. కానీ వడ్డీ ఒక్కటే తీసుకుంటే, లుంగీ కట్టుకుని వచ్చేవాడి నాలుగు రూపాయలు మనకు రక్తం తాగడంలా కనపడుతుంది, ప్లాస్టిక్ కార్డు మీద వచ్చే నాలుగు రూపాయలు స్టేటస్‌లా కనపడుతుంది.

యార్డులో కూడా అడ్వాన్సులే కదా అంటారు నా పాత స్నేహితులు. అవును, పందొమ్మిదేళ్ళు నేను రాసింది అడ్వాన్సులే. రైతుకు విత్తనాలకీ, ఎరువులకీ, కోత కూలికీ కొట్టువాళ్ళు అడ్వాన్సు ఇస్తారు, కాయ వచ్చాక టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఆ కొట్టుకే తెచ్చి అమ్మాలి, పట్టీలో అసలూ వడ్డీ మినహాయించుకుని మిగిలింది ఇస్తారు. దానిలోనూ మునిగినవాళ్ళు బోలెడుమంది. 2025 మొదట్లో మిర్చి ధర ఎంత పడిపోయిందంటే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని లెక్కగట్టి ఆదుకుంటామని చెప్పాల్సి వచ్చింది. అయినా ఆ అడ్వాన్సుకు ఒక తర్కం ఉంది. చేలో పైరు ఉంది. జనవరి, ఫిబ్రవరి వస్తే కాయ వస్తుంది, ఎంతకో అంతకు అమ్ముడవుతుంది. ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ తేదీ తెలుసు. నేను కార్డు మీద తీసినప్పుడు నా చేలో పైరు లేదు. పొలమే లేదు. కౌలుకు ఒక గది, ఒక లైట్ల బోర్డు. తేదీ తెలియని ఆదాయాన్ని నమ్ముకుని, తేదీ తప్పని అప్పు తెచ్చుకున్నాను.

అందుకని కార్డు మీద నగదు తీయడం మహాపాపం అని నేను అనను. ఇవాళ సరుకు వేస్తే పది రోజుల్లో ఖాయంగా డబ్బు పడుతుంది, పెళ్ళి వంట ఆర్డరు ఉంది, సగం బయానా చేతికొచ్చింది, మిగతా సగం పెళ్ళి అయిన మర్నాడు ఇస్తారు, మధ్యలో ఇరవై వేలు తక్కువైంది. అప్పుడు తీయండి, పది రోజుల్లో మొత్తం కట్టేయండి. ఫీజుతో కలిపి ఓ ఎనిమిది, తొమ్మిది వందలు పోతుంది. అది ఖర్చు, తెలిసి పెట్టే ఖర్చు. నేనూ ఈ మధ్య ఒకసారి అలా తీశాను, దాచడం ఎందుకు.

బ్యాంకుకు వెళ్ళలేదా అంటారేమో. వెళ్ళాను. ముద్ర లోను కోసం. 2015 నుంచి ఉన్న పథకం, తాకట్టు అక్కర్లేదు, శిశు కింద యాభై వేల వరకు, కిశోర్ కింద అయిదు లక్షల వరకు. నాకు కావలసింది కిశోర్. మేనేజరు కొటేషన్లు తెమ్మన్నాడు, అద్దె అగ్రిమెంటు తెమ్మన్నాడు, చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకోమన్నాడు. రెండోసారి వెళ్తే, "రోజుకు ఎంత అమ్ముతావు, ఎంత మిగులుతుంది, మొదటి ఆరు నెలలు అమ్మకపోతే ఎలా కడతావు" అని అడిగాడు. నాకు అవమానం అనిపించింది. మూడోసారి ఆయన సెలవులో ఉన్నాడు. ముహూర్తం దాటిపోతోందని ఏటీఎంకు వెళ్ళాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అడిగినవన్నీ నన్ను నేను అడుక్కోవలసిన ప్రశ్నలే. అలాగని బ్యాంకును పూర్తిగా వదిలిపెట్టను. రూపాయి లోపు వడ్డీకి ఇచ్చే లోనుకు నన్ను మూడుసార్లు తిప్పిన బ్యాంకే, నాలుగు రూపాయల కార్డు లిమిట్ పెంచుతామని నన్ను నెలకు మూడుసార్లు ఫోన్లో బతిమాలింది. ఇదెక్కడి న్యాయమో వాళ్ళే చెప్పాలి.

పునుగుల బండి ఆవిడ గురించి చెప్తానన్నాను. ఆవిడ కరోనా తర్వాత వీధి వ్యాపారుల స్వనిధి లోను తీసుకుంది. మొదట పదివేలు. అది తీర్చాక ఇరవై వేలు. అదీ తీర్చాక యాభై. టైముకు కడితే ఏడు శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. ఇప్పుడు ఆ పథకంలో మొదటి విడత పదిహేను వేలకీ రెండోది పాతికకీ పెంచారు. పదివేలతో ఆవిడ ఏం చేసిందో తెలుసా, బండికి రెండో పొయ్యి పెట్టింది, అంతే. ఆ పొయ్యి అప్పు తీర్చాక గొడుగు కొంది. ఎప్పుడూ ఒక అప్పు మీద ఇంకో అప్పు ఎక్కించలేదు. నేను మొదటి రోజే కొన్న లైట్ల బోర్డు లాంటిది ఆవిడకు ఇప్పటికీ లేదు, సాయంత్రం ఆరు దాటితే అక్కడ నిలబడటానికి చోటుండదు.

చివరికి బయటపడింది ఎలాగంటే, మా ఆవిడ గాజులు, నానుతాడు. 2025 ఏప్రిల్ ఆఖర్లో బ్యాంకులో పెట్టి లక్షన్నర తెచ్చి, కార్డులో అసలు మిగిలిన లక్షా పన్నెండు వేలు, సరుకుల బాకీ ఇరవై రెండు వేలు, క్యూఆర్ వాడిది మిగిలిన పదిహేడు వేలు ఒకే రోజు కట్టేశాను. వెయ్యి తక్కువైతే గల్లాపెట్టెలోంచి తీశాను. పది గ్రాముల బంగారం ధర ఆ నెలల్లోనే లక్ష దాకా ఎగబాకడంతో నానుతాడు, నాలుగు గాజులతో సరిపోయింది, లేకపోతే నల్లపూసలు కూడా పోయేవి. బంగారం మీద వడ్డీ ముప్పావలా, అంటే నూటికి నెలకు డెబ్బై అయిదు పైసలు. నెలకు 1,125. అయిదారు వేలు ఎక్కడ, పదకొండు వందలు ఎక్కడ. ఇందులో నన్ను ఇప్పటికీ పొడిచే సంగతి ఒకటుంది. మొదట్లోనే మా ఆవిడ, "ఏవండీ, బీరువాలో ఊరికే ఉన్నాయిగా, పెట్టండి" అంది. ఆడవాళ్ళ బంగారం ముట్టుకుని వ్యాపారం చేసే ఖర్మ నాకు పట్టలేదని పెద్ద రోషంగా అన్నాను. ముప్పావలా వడ్డీకి పోని పరువును నాలుగుంపావలా వడ్డీకి కొనుక్కున్నాను. వెళ్ళి కౌంటరులో ఆ గాజులు పెట్టేటప్పుడు ఆవిడ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు కొట్టు ఉంది. ఫ్రిజ్ అమ్మేశాను, చిన్నది పెట్టుకున్నాను. ఉదయం పూట టిఫిను కూడా మొదలుపెట్టాం. రోజుకు ఆరు వందలు మిగులుతున్నాయి. గాజులు రెండు విడిపించాను.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది రెండే. కార్డు డబ్బుతో ఎదిగినవాళ్ళ కథలు వేయండి, వద్దనను, కానీ వాళ్ళని ఒక ప్రశ్న అడిగి వేయండి: నూటికి నెలకు ఎన్ని రూపాయల వడ్డీకి తెచ్చారు, ఆ వడ్డీ కట్టిన నెలల్లో ఇల్లు ఎవరి జీతంతో గడిచింది. ఆ కుర్రాడి భార్యకో తండ్రికో ఉద్యోగం ఉండి ఉండొచ్చు, అది తెలిస్తే చదివేవాడు తన పరిస్థితితో పోల్చుకుంటాడు. రెండోది, మీ పేపర్లో వచ్చే లోను ప్రకటనల్లో వడ్డీని నెలకు ఎన్ని రూపాయలో తెలుగులో, ఫోన్ నంబరు ఉన్నంత సైజులో వేయమని ప్రకటన ఇచ్చేవాళ్ళను అడగండి. వాళ్ళు ఒప్పుకోరని నాకూ తెలుసు, అడిగి చూడండి.

ఈ ఉత్తరం పెద్దదైంది, ఎక్కడ కత్తిరించినా ఫర్వాలేదు, రోజు లెక్క రాసిన పేరా మాత్రం ఉంచండి. వేసేటప్పుడు దయచేసి ఆ "అయిదు నిమిషాల్లో లోను" ప్రకటన పక్కన వేయకండి.

ఇట్లు,
ఒక కర్రీ పాయింట్ యజమాని,
బ్రాడీపేట, గుంటూరు.